ఫెలోషిప్‌లో కోత లేదు, పన్ను ఉంది

ప్రశ్న: అమెరికాలో పోస్ట్‌డాక్‌ని (పీహెచ్‌డీ తర్వాతి పరిశోధన), గ్రీన్‌కార్డు ఉంది. జులైలో జీతం నుంచి ఫెలోషిప్‌కి మారాక పన్ను కోయడం లేదు. కట్టక్కర్లేదా?

జవాబు: కట్టాలి. ఫెలోషిప్ మీద సోషల్ సెక్యూరిటీ (పింఛను), మెడికేర్ (వృద్ధుల వైద్య బీమా) పన్నులు ఉండవు గానీ ఫెడరల్ ఆదాయపు పన్ను తప్పదు. చాలా రాష్ట్రాల్లో రాష్ట్ర పన్ను వేరే. ఏడాది ముగిశాక ఫెలోషిప్‌కి డబ్ల్యూ-2 (జీతం, కోసిన పన్ను చూపే పత్రం) రాలేదని వదిలేస్తేనే చిక్కు.

ముందస్తు పన్ను ఫారం 1040-ఈఎస్‌తో లెక్కేసి సెప్టెంబరు 15, జనవరి 15 వాయిదాలు కట్టండి. జనవరిది ఆన్‌లైన్‌లో కట్టేటప్పుడు పన్ను సంవత్సరం గడిచిన ఏడాదే ఎంచుకోవాలి. చాలామంది తప్పేది ఇక్కడే. జీతంలో కోసినదాంతో కలిపి ఈ ఏటి పన్నులో 90 శాతం చేరినా, మిగిలిన బాకీ 1,000 డాలర్ల లోపున్నా జరిమానా పడదు. జీవిత భాగస్వామికి ఉద్యోగముండి ఉమ్మడి రిటర్ను వేస్తుంటే, వారి డబ్ల్యూ-4లో (జీతంలో ఎంత పన్ను కోయాలో యజమానికి చెప్పే ఫారం) కోత పెంచుకోవడం ఇంకా తేలిక.