ఉద్యోగి కట్టాల్సిన పెన్షన్ వాటా కూడా సర్కారే కడితే తప్పేంది?

తప్పేం లేదు. కాకపోతే ఆ పైసలు యాడికెల్లి వస్తయో ముందు అడగుండ్రి. నేను హన్మకొండ దిక్కు సర్కారు బడిల టీచర్‌ను. 2004 సెప్టెంబర్ 1 తర్వాత చేరినోళ్లం కాబట్టి మాది సీపీఎస్, అంటే ఉద్యోగీ సర్కారూ చెరో వాటా కట్టే పెన్షన్. బేసిక్, డీఏ కలిపి 10 శాతం కోస్తరు, సర్కారు అంతే కలుపుతది. నా వాటా కూడా సర్కారే కడితే వచ్చే పీఆర్సీల, అంటే జీతాల సవరణల, ఇచ్చే పెంపు (ఫిట్‌మెంట్) ఆ మేరకు కోస్తరు, రాసిపెట్టుకోండ్రి. కేంద్రం 2019 ఏప్రిల్ నుంచి తన వాటా 14 శాతం చేసింది చూడుండ్రి, అడిగితే అది అడగాలె. ఈ ముక్క యూనియన్ మీటింగుల అంటే నన్ను ఎగాదిగా చూసిన్రు.

మా బావ ఓ సర్కారు ఆఫీసుల ఔట్‌సోర్సింగ్ ఆపరేటర్. నక్కలగుట్టల చాయ్ తాగుతుంటే, "మా పీఎఫ్ మొత్తం ఏజెన్సోడే కడ్తడు బామ్మర్దీ" అన్నడు. స్లిప్పు చూపియ్యమన్న. జీతం 15,000. పీఎఫ్ కింద 1,800. దాని కింద "ఇతర కోతలు" అని 1,950! యజమాని వాటా 12 శాతం, ఇన్సూరెన్సు, నిర్వహణ ఖర్చు కలిపితే 13 శాతం, లెక్క రూపాయి తేడా లేకుండ కుదిరింది. రెండు వాటాలూ బావ జేబులకెల్లే పోతున్నయి. ఈఎస్ఐ (దవాఖాన బీమా) కోత పక్కనవెట్టినా చేతికి 11,250. యజమాని వాటా జీతంల కొయ్యొద్దని పీఎఫ్ నిబంధనల్లనే ఉన్నది. ఏజెన్సీకి ఫోన్ చేస్తే, "టెండర్ తక్కువకు వేసినం సార్, ఏం జేద్దాం" అన్నడు. బావేమో "లొల్లి వద్దురా, రెన్యువల్ ఉంది" అని ఫోన్ గుంజుకున్నడు.

ఆ 1,950ల 1,250 పోయేది పెన్షన్ ఖాతాకే. ఇన్నేండ్లు కట్టినోళ్లకు ఆ స్కీముల కనీస పెన్షన్ నెలకు 1,000. మా అమ్మకు రూపాయి కట్టకుండనే సర్కారు ఇచ్చే ఆసరా పింఛన్ 2,016 వస్తుంది. అమ్మకు ఎక్కువైందని కాదు, బావకు గింతేనా అని.

గందుకే నన్నడిగితే, సర్కారు ముందుగాల కట్టాల్సింది మా టీచర్ల వాటా కాదు. టెండర్ల యజమాని వాటా జీతం నుంచి విడిగా రాయాలె. జీతం స్లిప్పులు, పీఎఫ్ చలాను పక్కపక్కన పెట్టి చూసినంకనే ఏజెన్సీ బిల్లు పాస్ చెయ్యాలె. మా జీతం బిల్లు ట్రెజరీల చిన్న తేడాకే వాపస్ కొడ్తరు కదా, ఆ కండ్లు ఈడ కూడా పెట్టమనుండ్రి.