ఎమ్మెల్యే కండువా మార్చారు, నా ఓటు సంగతేంటి?

ప్రశ్న: హైదరాబాద్‌లో కిరాణా షాపు నడుపుతాను. గత అసెంబ్లీ ఎన్నికల్లో మనిషిని కాదు, పార్టీ గుర్తును చూసి ఓటేశాను. షాపు షట్టర్ మీద జెండా కూడా కట్టనిచ్చాను. గెలిచిన ఎమ్మెల్యే కొన్నాళ్లకే అధికార పార్టీ కండువా కప్పుకుని ఫొటో దిగారు. పదవికి మాత్రం రాజీనామా చేయలేదు. అడిగితే ‘నియోజకవర్గ అభివృద్ధి కోసం’ అంటున్నారు. బయట మాత్రం డబ్బు చేతులు మారిందంటున్నారు. చీటింగ్ కేసు పెట్టొచ్చా? నాలాంటి మామూలు ఓటరు స్పీకర్‌కు ఫిర్యాదు చేయొచ్చా? ఆయన ఎందుకు మారారో కోర్టు అడుగుతుందా?
(పేరు, నియోజకవర్గం రాయొద్దన్నారు)

జవాబు: ముందు చీటింగ్ సంగతి. ఈ విషయంలో నన్ను కలిసేవాళ్లంతా ‘ఫోర్ ట్వంటీ పెడదాం సార్’ అనే మొదలుపెడతారు. 2024 జూలై 1 నుంచి ఆ 420 స్థానంలో భారతీయ న్యాయ సంహిత 318 వచ్చింది. అంకె మారినా సారం అదే. మిమ్మల్ని మోసగించాలన్న ఉద్దేశం ఓటు అడిగిన రోజే ఆయన మనసులో ఉందని రుజువు చేయాలి. పైగా ఓటు ఆస్తి కాదు. పోలీసులు కేసు కట్టరు, కట్టినా నిలవదు. ఎన్నిక చెల్లదంటూ హైకోర్టులో పిటిషన్ వేయాలంటే ఫలితం వచ్చిన 45 రోజుల్లోపే వేయాలి. అదీ ఎన్నికలో జరిగిన తప్పు మీదే తప్ప, గెలిచాక చేసిన పని మీద కాదు. ఎమ్మెల్యేను ఓటర్లు వెనక్కి పిలిచే హక్కు మన దగ్గర లేనే లేదు.

ఇక మిగిలేది రాజ్యాంగంలోని పదో షెడ్యూల్, అంటే పార్టీ ఫిరాయింపుల నిరోధక చట్టం. 1967లో హర్యానాలో గయా లాల్ అనే ఎమ్మెల్యే రెండు వారాల్లో మూడుసార్లు పార్టీ మారారు. ‘ఆయా రామ్ గయా రామ్’ అన్న మాట అక్కడే పుట్టింది. అయినా ఫిరాయింపుల చట్టం రావడానికి 1985 దాకా పట్టింది. మన హైదరాబాద్‌లో 1984 ఆగస్టులో ఎన్టీఆర్‌ను దింపినప్పుడు ఎమ్మెల్యేలను రామకృష్ణా స్టూడియోలో పెట్టుకుని కాపాడుకోవాల్సి వచ్చింది. అప్పటికి ఈ చట్టం లేదు మరి.

మీ మూడో ప్రశ్నకు జవాబు ఈ షెడ్యూల్లోనే ఉంది: ఎందుకు మారారని చట్టం అడగదు. మారారా లేదా, అంతే. అభివృద్ధి కోసం మారినా, అలిగి మారినా, డబ్బుకు మారినా అనర్హత ఒక్కటే. కాబట్టి ‘అభివృద్ధి కోసం’ అన్న మాట ఆయనకు రక్షణ కాదు. ‘డబ్బు తీసుకున్నారు’ అన్న మాట మీ పిటిషన్‌కు బలమూ కాదు. చాలామంది ఇక్కడే పొరపడి, పిటిషన్ నిండా ఆరోపణలు రాసి అసలు విషయాన్ని రెండు లైన్లలో ముగిస్తారు.

అసలు విషయం ‘పార్టీ సభ్యత్వాన్ని స్వచ్ఛందంగా వదులుకోవడం’. దీనికి రాజీనామా లేఖే అక్కర్లేదని, నడవడికను బట్టి కూడా తేల్చవచ్చని 1994లో రవి నాయక్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అందుకే ఈ కేసుల్లో గొడవంతా కండువా చుట్టూ తిరుగుతుంది. ఫొటో చూపిస్తే ‘అది పార్టీ కండువా కాదు, మర్యాదకు కప్పిన శాలువా’ అంటారు. ముఖ్యమంత్రి ఇంటికి ఎందుకు వెళ్లారంటే ‘రోడ్ల గురించి వినతిపత్రం ఇవ్వడానికి’ అంటారు. నవ్వు రావచ్చు గానీ, ఒక్క ఫొటోతో వెళితే ఈ వాదన నిలబడుతుంది కూడా. ఫొటో వెనుక ఇంకేం ఉందో చూడండి. కొత్త పార్టీ మీటింగులో మాట్లాడిన వీడియో, ఆయన పేరు, పార్టీ పేరు కలిపి ఉన్న ఫ్లెక్సీ, ఆయన సొంత ఫేస్‌బుక్ పేజీలో పోస్టు. ఇంకో పార్టీ తరఫున పోటీయే చేస్తే అంతకన్నా గట్టి కాగితం లేదన్నది నా అభిప్రాయం. ఖైరతాబాద్‌లో బీఆర్ఎస్ తరఫున గెలిచిన దానం నాగేందర్ 2024లో ఎమ్మెల్యేగా ఉంటూనే సికింద్రాబాద్ లోక్‌సభకు కాంగ్రెస్ అభ్యర్థిగా పోటీ చేయడం మనందరం చూశాం.

‘అందరూ కలిసి విలీనమయ్యారు కదా’ అని ఎవరైనా అంటే లెక్క అడగండి. మూడో వంతు చీలిక అన్న వెసులుబాటును 2003లో 91వ సవరణ తీసేసింది. ఇప్పుడు ఉన్నది విలీనమే. దానికి ఆ పార్టీ ఎమ్మెల్యేల్లో మూడింట రెండొంతుల మంది ఒప్పుకోవాలి. 2019 జూన్‌లో తెలంగాణ కాంగ్రెస్ ఎమ్మెల్యేలు 18 మందిలో 12 మంది టీఆర్ఎస్‌లో విలీనమయ్యారు, సరిగ్గా రెండొంతులు. 2023లో బీఆర్ఎస్ గెలిచినవి 39 సీట్లు. అంటే 26 మంది కావాలి. పది మంది వెళితే విలీనం కాదు, ఎవరి కేసు వారిదే.

మరి ఎందుకు మారతారు? చట్టానికి పట్టకపోయినా మీరు అడిగారు కాబట్టి, నేను చూసింది చెబుతాను. ప్రతిపక్షంలో కూర్చున్న ఎమ్మెల్యే కష్టం మొదట కనిపించేది అసెంబ్లీలో కాదు, ఫోన్‌లో. నా దగ్గరికి వేరే కేసు మీద వచ్చిన ఒక మాజీ ఎమ్మెల్యే ‘నేను ఓడించినవాడి మాటకు మా సీఐ పరుగెత్తేవాడు, నా ఫోన్ ఎత్తేవాడు కాదు’ అన్నారు. కల్యాణలక్ష్మి కింద 1,00,116 రూపాయల చెక్కు సర్కారుదే. అది ఎవరి చేతుల మీదుగా ఇవ్వాలన్న దాని మీద స్టేజీలెక్కి కొట్టుకున్న ఊళ్లున్నాయి. కార్యకర్తకు తాను చేసిపెట్టే పనేమీ లేకపోతే వచ్చే ఎన్నికకు వెంట ఎవరూ ఉండరని ఎమ్మెల్యేకు తెలుసు. దానికి తోడు భూముల వ్యవహారాలు, ఆగిపోయిన కాంట్రాక్టు బిల్లులు, పాత కేసులు, మంత్రి పదవి ఆశ ఉంటాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2014లో వైఎస్సార్సీపీ తరఫున గెలిచిన 23 మంది టీడీపీలోకి వెళ్లారు. వాళ్లలో నలుగురు 2017లో మంత్రులయ్యారు. 2019లో టీడీపీ గెలిచిన సీట్లూ 23 కావడం జనం ఇప్పటికీ చెప్పుకుంటారు. ఏ పార్టీ అధికారంలో ఉంటే ఆ పార్టీకి ఈ ‘ఆకర్ష్’ తప్పుగా కనిపించదు. అది నేను ఏ ఒక్క పార్టీ గురించో అనడం లేదు.

శిక్ష చిన్నది కావడం కూడా ఒక కారణమే. అనర్హత పడితే సీటు పోతుంది, మళ్లీ గెలిచేదాకా మంత్రి పదవి దక్కదు. అంతే. ఆ తర్వాత వచ్చే ఉప ఎన్నికలో నిలబడొచ్చు. కర్ణాటకలో 2019లో స్పీకర్ అనర్హులుగా ప్రకటించినవాళ్లు పోటీ చేయొచ్చని సుప్రీంకోర్టు చెప్పింది. ఆ డిసెంబరు ఉప ఎన్నికల్లో వాళ్లలో చాలామంది బీజేపీ టికెట్ మీద గెలిచి వచ్చారు. పార్టీ మారాలనుకుంటే మర్యాదైన దారి మన దగ్గరా ఉంది. ఈటల రాజేందర్ 2021లో రాజీనామా చేసి హుజూరాబాద్‌లో మళ్లీ గెలిచారు. కోమటిరెడ్డి రాజగోపాల్ రెడ్డి 2022లో మునుగోడులో అదే పని చేసి ఓడిపోయారు. ఆ రెండో కథే మిగతావాళ్లను భయపెడుతుంది.

డబ్బు విషయం వేరు. సభలో ఓటు కోసం లంచం తీసుకుంటే ఎమ్మెల్యేకు రక్షణ లేదని 2024 మార్చి 4న సీతా సోరెన్ కేసులో ఏడుగురు జడ్జీల ధర్మాసనం తేల్చింది. కానీ మీ చేతిలో ఉన్నది టీ కొట్టు దగ్గర విన్న మాట. నేరుగా చూసినదో, రికార్డో ఉంటే ఏసీబీ నంబరు 1064కి చెప్పండి. లేకపోతే పిటిషన్‌లో ఆ ఊసే ఎత్తకండి, పరువు నష్టం నోటీసు మీకే వస్తుంది.

ఇప్పుడు అసలు పని. స్పీకర్‌కు ఎమ్మెల్యేలే ఫిర్యాదు చేయాలన్న అపోహ ఉంది. ఒడిశా అసెంబ్లీ స్పీకర్ కేసులో సుప్రీంకోర్టు 2013లోనే, ఆసక్తి ఉన్న వ్యక్తి ఎవరైనా ఈ విషయం స్పీకర్ దృష్టికి తేవచ్చని చెప్పింది. ఆ కేసులో ఫిర్యాదుదారు పార్టీ రాష్ట్ర అధ్యక్షుడు. ఓటరు కూడా ఆ మాట కిందికి వస్తాడని మనం వాదించవచ్చు. అయినా ఆ పార్టీ ఎమ్మెల్యే ఒకరు మీతో కలిసి సంతకం పెడితే పని సులువు.

తీర్పు చెప్పేది మాత్రం స్పీకరే. ఆయన ఏ పార్టీ నుంచి వచ్చారో మీకు తెలుసు, అందుకే ఫైలు కదలదు. 2020లో మణిపూర్ కేసులో సుప్రీంకోర్టు, అసాధారణ కారణం లేకపోతే పిటిషన్ వేసిన మూడు నెలల్లో తేల్చాలంది. బీఆర్ఎస్ తరఫున గెలిచి కాంగ్రెస్‌లోకి వెళ్లారంటున్న మన పది మంది ఎమ్మెల్యేల విషయంలో కూడా 2025 జూలై 31న స్పీకర్‌కు మూడు నెలల గడువు పెట్టింది. అనర్హత తేల్చేటప్పుడు స్పీకర్ ఒక ట్రిబ్యునల్ (హైకోర్టు సమీక్షకు లోబడే విచారణ సంస్థ) మాత్రమేనని చెప్పింది. కాబట్టి ఆలస్యమైతే హైకోర్టుకు వెళ్లొచ్చు. నిర్ణయం వచ్చాక అది తప్పనిపిస్తే దాన్నీ అక్కడే సవాలు చేయొచ్చు.

పిటిషన్ సివిల్ దావా లాగే సంతకం, ధ్రువీకరణతో ఉండాలి. జత చేసిన ప్రతి కాగితం మీదా అలాగే సంతకం, ధ్రువీకరణ ఉండాలి. వీడియోలు పెన్‌డ్రైవ్‌లో ఇచ్చేటప్పుడు భారతీయ సాక్ష్య అధినియమం సెక్షన్ 63 కింద ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి ఇచ్చే సర్టిఫికెట్ జత చేయండి. వాట్సాప్‌లో ఫార్వర్డ్ అయినది కాదు, మొదట రికార్డ్ చేసిన మనిషినో ఛానల్‌నో పట్టుకోండి. అసెంబ్లీ కార్యదర్శి ఆఫీసులో ఇచ్చినప్పుడు మీ కాపీ మీద తేదీతో ఇన్‌వార్డ్ ముద్ర వేయించుకోకుండా కదలకండి. వాళ్లు ‘తీసుకోం’ అంటే అదే రోజు స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచుకోండి. రేపు హైకోర్టులో మూడు నెలల లెక్క మొదలయ్యేది ఆ తేదీ నుంచే.