ఉమ అని పేరు పెట్టే ముందు

చి. ల. సౌ. మేనకోడలికి మామయ్య ఆశీర్వదించి వ్రాయునది.

పాపకు ఉమ అని పేరు పెట్టాలనుకుంటున్నారనీ, ఆ మాటకు అర్థం "వద్దు" అని ఎవరో చెప్పగా మీ అత్తగారు వెనుకాడుతున్నారనీ రాశావు. బారసాలకు ముందే ఈ సందేహం తీరడం మంచిది కనుక కొంచెం వివరంగా రాస్తున్నాను.

ఆ "వద్దు" కాళిదాసు కుమారసంభవం ప్రథమ సర్గలోనిది. పార్వతి తపస్సుకు పూనుకున్నప్పుడు తల్లి మేనక "ఉ, మా", అంటే "అమ్మాయీ, వద్దు" అని వారించిందనీ, అందువల్ల ఆమె ఉమ అయిందనీ కవి చెప్పాడు. తల్లి మనసు తెలిసిన కవి చేసిన అందమైన ఊహ అది. పేరు మాత్రం అంతకంటే చాలా పాతది. కాళిదాసుకు శతాబ్దాల ముందటి కేనోపనిషత్తులోనే ఉమ ఉంది. అసురులపై గెలుపు తమ గొప్పేనని దేవతలు గర్వించినప్పుడు వారి ఎదుట యక్షం అనే ఒక అద్భుత రూపం నిలిచింది. అది పెట్టిన గడ్డిపరకను అగ్ని కాల్చలేకపోయాడు, వాయువు కదల్చలేకపోయాడు. ఇంద్రుడు దగ్గరకు వెళ్ళేసరికి అది మాయమైంది. ఆ ఆకాశంలోనే ఉమా హైమవతి మిక్కిలి శోభతో కనిపించి, అది బ్రహ్మమనీ, ఆ గెలుపు దానిదేననీ ఇంద్రుడికి తెలియజెప్పింది. దేవతల రాజుకు తెలియనిది చెప్పిన ఆమె పేరు ఇది. పాప తన పేరుకు అర్థం అడిగిన నాడు మొదట ఈ కథే చెప్పండి, మేనక మాట తరువాత చెప్పవచ్చు. అవిసె గింజల మొక్కకు కూడా ఉమ అనే పేరున్నట్లు అమరకోశమనే సంస్కృత నిఘంటువు చెబుతుంది.

పేరు మరీ చిన్నదన్న బెంగ అక్కరలేదు. మన వైపు ఇది ఉమాదేవి, ఉమారాణి, ఉమామహేశ్వరి అని మరో మాటతో కలిసే ఎక్కువగా వినిపించేది. యాగంటిలోను, అచ్చంపేట దగ్గరి ఉమామహేశ్వరంలోను ఉమామహేశ్వర దంపతుల పూజ ఈనాటికీ సాగుతున్నది. బెంగాలీలకు దుర్గాపూజ నాడు పుట్టింటికి వచ్చే ఆడపిల్ల ఉమే. ఆమె రాకను పాడే ఆగమని పాటలు అక్కడ ఎంతో ప్రసిద్ధం. అమెరికన్ నటి ఉమా థర్మన్ వల్ల విదేశాల్లోనూ ఈ పేరు పరిచితమే. ఒకప్పుడు ప్రతి తరగతిలోనూ వినిపించిన పేరు ఇప్పటి పిల్లల్లో అరుదైంది కనుక, పొడిగించకుండా ఉమ అనే ఉంచమని నా సలహా.

నక్షత్రం చూసేవారైతే, కృత్తిక మూడో పాదానికి "ఉ" వస్తుంది. పాప నక్షత్రం వేరైతే ఆ నక్షత్రానికి వచ్చే అక్షరంతో జన్మనామం పెట్టుకుని, వ్యవహారానికి ఉమ అనుకోండి. 21 రోజుల్లోగా జననం నమోదు చేయించడం ముఖ్యం. పేరు ఖాయం కాకపోతే ఏడాదిలోపు రుసుము లేకుండా చేర్పించవచ్చు. ఇంగ్లీషులో మూడే అక్షరాలతో రాయించండి, "ఊ" ధ్వనించేలా మరో అక్షరం చేర్చవద్దు. జనన ధ్రువపత్రంలో ఇంటిపేరును పొడి అక్షరంగా కాక పూర్తిగా రాయిస్తే, రేపు పాస్‌పోర్టు దరఖాస్తులో పేరు ఏది, ఇంటిపేరు ఏది అన్న చిక్కు రాదు.

ఆశీస్సులతో,
మీ మామయ్య