రెండు కంప్రెసర్ల కోసం ఇంటి జాగా అమ్మాలా?

ప్రశ్న: నమస్తే సార్. మాది బొబ్బిలి. మా అబ్బాయి విజయనగరంలో బీటెక్ ఈసీఈ ఫైనలియర్ చదువుతున్నాడు. ఇంట్లో ఓ గదిలో జానపద పాటలు రికార్డింగ్ చేస్తన్నాడు, బాగానే ఉన్నాయంటన్నారు అందరూ. ఇప్పుడు రెండు హార్డ్‌వేర్ కంప్రెసర్లు కొనాలంట, ఒకదాని వెనక ఒకటి పెట్టి పాట మొత్తం వాటిలోంచి పంపితేనే పెద్ద స్టూడియో సౌండొస్తాది, అప్పుడే పని దొరుకుద్ది అంటన్నాడు. రెండూ కలిపి నాలుగున్నర లక్షలు. ఉన్న రెండున్నర సెంట్ల జాగా అమ్మీమంటన్నాడు. ఒకటి చాలదేటి, రెండెందుకు? ఇది నిజంగా కెరీరేనా?

జవాబు: నమస్తే అండి. ముందు జాగా సంగతి చెప్పేస్తాను, అమ్మొద్దు. ఇక మీరడిగారు చూడండి, ఒకటి చాలదేటి అని, అసలు ప్రశ్న అదే, మీ అబ్బాయి దానికి సొంత మాటల్లో జవాబు చెప్పగలిగిన రోజున ఆ మెషిన్లు ఉన్నా లేకపోయినా పని దొరుకుతుంది. కౌన్సెలింగ్‌లోకి రాకముందు నేను హైదరాబాద్‌లో ఎనిమిదేళ్ళు సౌండ్ పనే చేశాను, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను, ఈ ముక్క అబ్బాయిని పక్కన కూర్చోబెట్టుకుని చదవండి.

కంప్రెసర్ అంటే సౌండ్ ఒక గీత దాటి పైకెళ్తే దాన్ని కిందకి అదిమేది. ఆ గీత త్రెషోల్డ్, ఎంత అదమాలో రేషియో, ఎంత తొందరగా పట్టుకోవాలో ఎటాక్, ఎంత తొందరగా వదలాలో రిలీజ్, అంతే. మన తప్పెటగుళ్ళు తీసుకోండి, గుంపంతా ఒక్కసారి గుండె మీద రేకు కొట్టినప్పుడు వచ్చే దెబ్బ కొన్ని మిల్లీసెకన్లలో పైకి లేచి పడిపోతుంది. అదే పాట పాడేవాడి గొంతు చరణంలో తగ్గి, ఊపొచ్చేకొద్దీ నాలుగైదు సెకన్లు తీసుకుని మెల్లగా పెరుగుతుంది. రెండూ ఎత్తుపల్లాలే గానీ రెండూ ఒక జాతివి కావు. ఒకే మెషిన్‌ని దెబ్బ కోసం చురుగ్గా సెట్ చేస్తే ప్రతి దెబ్బకీ గొంతు కూడా కిందకి గుంజుకుపోతుంది, గొంతు కోసం నెమ్మదిగా సెట్ చేస్తే దెబ్బలన్నీ తప్పించుకుపోతాయి. అందుకే పని పంచుతారు, మొదటిది శిఖరాలు పట్టుకుంటుంది, రెండోది మొత్తాన్ని నిదానంగా ఒక ఎత్తుకి తెస్తుంది, ఒక్కోటి ఒకటి రెండు డీబీ (డెసిబెల్, సౌండ్ ఎత్తుకి కొలత) మించి తగ్గించదు. ఒక్కదాని చేతే ఐదారు డీబీ చేయిస్తే పాట ఆయాసపడుతున్నట్టు వినిపిస్తుంది.

ఇది కొత్త విద్యేం కాదు. గొంతు మీద 1967లో వచ్చిన 1176 అనే కంప్రెసర్, దాని వెనక 1960లలోదే అయిన ఎల్‌ఏ-2ఏ అనే ఇంకో కంప్రెసర్ పెట్టడం చాలా పాత అలవాటు. 1176 ఎఫ్‌ఈటీ రకం, అంటే ట్రాన్సిస్టర్‌తో అదిమేది, బిల్ పుట్నమ్ డిజైన్, ఎటాక్ 20 మైక్రోసెకన్ల దాకా వెళ్తుంది. ఎల్‌ఏ-2ఏ వెలుతురుతో పనిచేసేది, పట్టుకున్నదాంట్లో సగం 60 మిల్లీసెకన్లలోనే వదిలేసి మిగతా సగాన్ని ఒక సెకను నుంచి పదిహేను సెకన్ల దాకా తీరిగ్గా వదులుతుంది, ఆ నిదానమే దాని అందం. స్టీరియో మిక్స్, అంటే అన్నీ కలిపిన పాట మొత్తం మీదకొస్తే ఎక్కువమంది మొదట ఎస్‌ఎస్‌ఎల్ బస్ కంప్రెసర్ లాంటి చురుకైన వీసీఏ రకం పెడతారు, వెనక వాల్వులతో నడిచే, నిదానమైన వేరియబుల్ మ్యూ రకం పెడతారు, తిరగేసి పెట్టేవాళ్ళూ ఉన్నారు, రెండూ తప్పు కాదు.

బాబూ, ఇప్పుడు నీకు. రేషియోలు కూడవు, గుణించుకుంటాయి. 2:1 వెనక ఇంకో 2:1 పెట్టి రెండు గీతలూ ఒకే ఎత్తులో ఉంచావనుకో, గీత మీద 8 డీబీ లేచింది మొదటిదాంట్లోంచి 4 అయి బయటకొస్తుంది, రెండోదాంట్లోంచి 2 అవుతుంది, అంటే నువ్వు మెత్తగా 2:1 అనుకున్నది నిజానికి 4:1. చాలామంది దెబ్బతినేది ఇంకోచోట, మొదటిదాని మేకప్ గెయిన్ (అదిమాక తగ్గిన సౌండ్‌ని మళ్ళీ పెంచే బటన్) పెంచిన ప్రతిసారీ రెండోదాని త్రెషోల్డ్‌ని ముట్టుకోకుండానే కిందకి దించినట్టే. నేను పనిలో చేరిన కొత్తలో ఒక పాటకి ఇలాగే మొదటిదాని అవుట్‌పుట్ కొంచెం కొంచెం పెంచుకుంటూ పోయాను, పెరిగిన కొద్దీ బాగుందనిపించింది, పొద్దున్న వింటే డప్పులో ప్రాణం లేదు, గాయకుడు ఊపిరి పీల్చిన చప్పుడు మాత్రం మాటంత గట్టిగా వినిపిస్తోంది. పెద్దగా ఉన్నదేదైనా చెవికి మంచిగానే అనిపిస్తుంది మరి. బైపాస్, అంటే మెషిన్‌ని పక్కన పెట్టి సౌండ్‌ని నేరుగా పంపే బటన్, నొక్కినా నొక్కకపోయినా వాల్యూమ్ ఒకటే ఉండేలా సరిచేసుకుని అప్పుడు పోల్చాలి, ఒక్కోదాన్నీ విడిగా తీసి చూడాలి, తీసినా తేడా తెలియకపోతే అది ఆ పాటకి అక్కర్లేదు.

ఇంకో రెండు విషయాలు. లెఫ్ట్ రైట్ లింక్ చేసుకో, లేకపోతే ఎడమవైపు జముకు గట్టిగా మోగినప్పుడల్లా మధ్యలో ఉన్న గొంతు కుడికి జరిగినట్టు వినిపిస్తుంది. సైడ్‌చెయిన్‌లో, అంటే ఎప్పుడు అదమాలో తేల్చుకోడానికి కంప్రెసర్ వినే దారిలో, 100 హెర్ట్జ్ దగ్గర హైపాస్ (అంతకన్నా కింది మోతని ఆపే ఫిల్టర్) ఉంటే వాడు, డోలు అడుగు మోత గొంతుని లాగేయకుండా ఉంటుంది. మొదటిదానికి ఎటాక్ 10 నుంచి 30 మిల్లీసెకన్లు ఇవ్వు, దెబ్బ మొన కాస్త బతికి బయటకొస్తుంది, మరీ మొనలే ఇబ్బంది పెడుతుంటే తగ్గించు.

మళ్ళీ మీ మాటకొస్తాను అండి. ఇదంతా ప్లగిన్లతో, అంటే ఆ మెషిన్ల పనే కంప్యూటర్లో చేసే సాఫ్ట్‌వేర్‌తో చేయొచ్చు, మీ అబ్బాయి కంప్యూటర్లో ఇవాళే రెండు ప్లగిన్లు వరసగా పెట్టుకుని పైన రాసింది ఒక్కోటీ చెవితో పట్టుకోవచ్చు, పైసా ఖర్చు లేదు. హార్డ్‌వేర్‌కి ఒక రుచి ఉంది, కాదనను, ఆ ట్రాన్స్‌ఫార్మర్లూ వాల్వులూ తెచ్చే నిండుతనం నాకు చాలా ఇష్టం. కానీ దానితో పాటు స్పీకర్లకి రెండు, మెషిన్లకి రెండు అవుట్‌పుట్లున్న ఇంటర్‌ఫేస్ (కంప్యూటర్‌లోకి, బయటకి సౌండ్ పంపే పెట్టె) కావాలి, బాలెన్స్‌డ్ కేబుళ్ళు కావాలి, ఎర్తింగ్ సరిగ్గా లేని ఇంట్లో 50 హెర్ట్జ్ గుయ్యిమనే మోత కూడా పాటలోకి ఎక్కుతుంది, ఎండాకాలం మన ఓల్టేజీ సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు. నాలుగు నిమిషాల పాట ఆ మెషిన్లలోంచి వెళ్ళి మళ్ళీ రికార్డవ్వాలంటే నాలుగు నిమిషాలూ కూర్చోవాలి. వారం తర్వాత పార్టీ ఫోన్ చేసి గొంతు అర డీబీ పెంచండి అంటే బటన్లన్నీ పాత చోటికే తిప్పాలి, అందుకే ఉన్నవాళ్ళు ప్రతి పాటకీ ఫోన్లో ఫొటో తీసి పెట్టుకుంటారు. ఇంత చేసి గట్టిగా నొక్కి పంపితే యూట్యూబ్ సుమారు మైనస్ 14 లఫ్స్ (పాట మొత్తం చెవికి ఎంత గట్టిగా ఉందో చెప్పే కొలత) దగ్గరకి దాన్ని మళ్ళీ దించేస్తుంది.

కెరీరేనా అంటే, కెరీరే. కానీ నేను చూసినంతలో ఏ స్టూడియో వాళ్ళూ అసిస్టెంటుని నీ దగ్గర ఏం మెషిన్లున్నాయని అడగలేదు, ఎడిటింగ్ శుభ్రంగా చేస్తాడా, ఫైళ్ళకి పేర్లు సరిగ్గా పెడతాడా, రాత్రి రెండింటికి కూడా శ్రుతి తప్పింది పట్టుకుంటాడా అన్నదే చూశారు. డిగ్రీ అయ్యాక పుణె ఎఫ్‌టీఐఐలో, కోల్‌కతా సత్యజిత్ రే ఇన్‌స్టిట్యూట్‌లో సౌండ్ కోర్సులున్నాయి, ఎంట్రన్స్ రాసి వెళ్ళాలి, ఈసీఈ చదువు అక్కడ వృథా పోదు, డెసిబెల్, ఇంపీడెన్స్ అన్నీ అతను చదివినవే. వెళ్ళేలోపు విజయనగరంలోనే ఉంటున్నాడు కదా, 1919లో ఆదిభట్ల నారాయణదాసు గారు మొదటి ప్రిన్సిపాల్‌గా మొదలైన మహారాజా సంగీత కళాశాల అక్కడే ఉంది, ఘంటసాల గారు చదివింది అక్కడే, మృదంగమో గాత్రమో నేర్చుకోవడానికి ఏ కోర్సులో సీటు దొరుకుతుందో వెళ్ళి కనుక్కోమనండి. తాళం, శ్రుతి తెలిసిన చెవికి ఏ మెషిన్ ఎక్కడ తప్పు చేస్తోందో తొందరగా దొరుకుతుంది. మీరు పెట్టగలిగిన డబ్బు ఏదన్నా ఉంటే ముందు గదికి పెట్టండి, గోడలకి రాక్‌వూల్ ప్యానెళ్ళు, ఒక జత మంచి స్పీకర్లు, గుడ్లట్రేలు మాత్రం వద్దు, వాటివల్ల బాస్‌కి ఏమీ కాదు.

ఈ ఆదివారం ఒక పని చేయించండి. ఒకే పాటని కంప్రెసర్ లేకుండా ఒకటి, ఒక్కటే పెట్టి ఒకటి, రెండు వరసగా పెట్టి ఒకటి, మూడూ ఒకే వాల్యూమ్‌కి తెచ్చి, ఏది ఏదో చెప్పకుండా మీకు వినిపించమనండి. ఏ దాంట్లో పాటలో మాట మీకు స్పష్టంగా అందిందో ఒక కాగితం మీద రాసి ఉంచండి, ఆ తర్వాత ఎందుకలా వినిపించిందో అతన్ని చెప్పమని అడగండి. చెప్పింది నాకు రాసి పంపండి, డిగ్రీ తర్వాత ఎటు వెళ్తే బాగుంటుందో దాన్ని చూసి మాట్లాడుకుందాం.