సెరిబ్రల్ పాల్సీ పిల్లల కోసం పనిచేయాలంటే ఏ కోర్సు?

ప్రశ్న: ఇంటర్ బైపీసీ పూర్తయింది. మా తమ్ముడికి సెరిబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతినడం వల్ల కదలికలు, కండరాల పట్టు సరిగ్గా లేకపోవడం). అలాంటి పిల్లలకు పనికొచ్చే చదువు చదవాలనుంది. ఫిజియోథెరపీలో చేరమంటారా? ఇంకేమైనా కోర్సులున్నాయా?
- ఓ విద్యార్థిని, వనపర్తి

జవాబు: ఫిజియోథెరపీ మంచిదే. కానీ ఆక్యుపేషనల్ థెరపీ (బీఓటీ) గురించి మీకెవరూ చెప్పినట్టు లేదు. ముందు దాన్ని చూడండి. కూర్చోవడం, నిలబడటం, నడక, కండరాలు బిగుసుకుపోకుండా చూడటం ఫిజియోథెరపిస్టు పని. పిల్లాడు తన చేత్తో తినడం, చొక్కా తొడుక్కోవడం, బడిలో పెన్సిల్ పట్టుకోవడం ఆక్యుపేషనల్ థెరపిస్టు చూస్తారు. చెంచా కాడకు గుడ్డ చుట్టి లావు చేయడం, పాదాలు గాల్లో వేలాడకుండా కుర్చీ కింద పీట వేయడం, తల వెనక్కి వాలకుండా కూర్చోబెట్టి అన్నం పెట్టడం... ఇవన్నీ తల్లికి నేర్పాలి. పెద్ద థెరపీ సెంటర్లు లేని మన ఊళ్లలో ఆ పిల్లల బతుకు తేలికయ్యేది వీటితోనే.

కటక్ దగ్గరి ఓలత్‌పూర్, కోల్‌కతా లాంటి చోట్ల ఉన్న కేంద్ర పునరావాస సంస్థలు బీపీటీ (ఫిజియోథెరపీ డిగ్రీ), బీఓటీలకు ఉమ్మడి ప్రవేశ పరీక్ష పెడుతూ వచ్చాయి. 2021లో అలైడ్ హెల్త్ చట్టం (ఫిజియోథెరపీ లాంటి వైద్య అనుబంధ వృత్తుల చట్టం) వచ్చాక సిలబస్, ప్రవేశ నిబంధనలు మారుతున్నాయి కాబట్టి, ఈ ఏడాది నోటిఫికేషన్ చదివాకే ఫీజు కట్టండి.

డిగ్రీ పూర్తయ్యేదాకా చదివించే స్తోమత ఇంట్లో లేకపోతే, ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు పాఠాలు చెప్పేందుకు రెండేళ్ల డి.ఎడ్. స్పెషల్ ఎడ్యుకేషన్ ఉంది. మేధో వైకల్యం ఉన్నవారి కోసం సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో ఉన్న కేంద్ర సంస్థ ఎన్ఐఈపీఐడీలో అడిగి చూడండి. ఎక్కడ చేరినా ఆ కోర్సుకు ఆర్‌సీఐ (భారత పునరావాస మండలి) గుర్తింపు తప్పనిసరి. అది లేని సర్టిఫికెట్ల జోలికి వెళ్లకండి.

ఉద్యోగాల మాట కూడా ఉన్నదున్నట్టు చెప్పాలి. ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం ప్రభుత్వం మండలాల్లో నడిపే భవిత కేంద్రాల్లో పోస్టులు ఎక్కువగా కాంట్రాక్టువే, జీతం తక్కువ. ప్రైవేటు క్లినిక్కులు, స్వచ్ఛంద సంస్థలు, ప్రత్యేక పాఠశాలల్లోనూ అవకాశాలున్నాయి. చేరేముందు మీ దగ్గరి భవిత కేంద్రానికి వెళ్లి, ఫిజియోథెరపీ ఉన్న రోజున అనుమతి తీసుకుని కూర్చోండి. సెరిబ్రల్ పాల్సీ పూర్తిగా నయమయ్యేది కాదు. నెలల తరబడి థెరపీ చేయిస్తే పిల్లాడు ఆసరా లేకుండా పది నిమిషాలు కూర్చోవచ్చు. ఆ పది నిమిషాలు మీకు సంతోషాన్నిస్తే ఈ రంగంలోకి నిశ్చింతగా రండి.

మీ తమ్ముడికి యూడీఐడీ కార్డు (వైకల్యం ఉన్నవారికి ప్రభుత్వం ఇచ్చే గుర్తింపు కార్డు) తీసుకున్నారా? లేకపోతే వెంటనే దరఖాస్తు చేయండి. కేంద్ర ప్రభుత్వ సంస్థ నేషనల్ ట్రస్ట్ వారి నిరామయ ఆరోగ్య బీమాలో ఏటా లక్ష రూపాయల వరకు రక్షణ ఉంటుంది. థెరపీ ఖర్చులో కొంత దాన్నుంచి వస్తుంది.