పెరటి కోళ్లలో నట్టలు: మేకల మందు పోయవచ్చా?

ప్రశ్న: మాకు 25 నాటుకోళ్లు, మూడు నెలల వనరాజా పిల్లలు 12 ఉన్నాయి. పిల్లలు మేత తింటున్నా చిక్కిపోతున్నాయి, రెక్కలు వేలాడేస్తున్నాయి. చనిపోయిన ఒకదాన్ని కోస్తే పేగులో తెల్లటి పురుగులు కనిపించాయి. మేకల కోసం తెచ్చిన ఆల్బెండజోల్ సీసా ఇంట్లో ఉంది. అదే పోయవచ్చా?
– ఒక రైతు, సత్తుపల్లి, ఖమ్మం జిల్లా

జవాబు: చనిపోయిన పిల్లను కోసి చూశారు, అది చాలా మంచి పని. మళ్లీ అవసరమైతే పేగును నిలువునా చీల్చి నీళ్ల పళ్లెంలో వేయండి. ఉడికిన సేమ్యా పోగుల్లా గుండ్రంగా, 5 నుంచి 10 సెం.మీ. పొడవున్నవి తేలితే ఏలిక పాములు. రిబ్బనులా చదునుగా, కణుపు కణుపుగా ఉండి, తల పేగు గోడకు అతుక్కుని ఉంటే బద్దె పురుగులు. మూడు నెలల లోపు పిల్లలను ఎక్కువగా దెబ్బతీసేవి ఏలిక పాములే. తురాయి పాలిపోవడం, ఎద ఎముక కత్తి అంచులా చేతికి తగలడం, రెట్ట పలచబడడం వీటి గుర్తులు. రెట్టలో రక్తం పడుతుంటే మాత్రం రక్తపారుడు (కాక్సిడియా అనే సూక్ష్మజీవి వల్ల వచ్చే పేగు జబ్బు) అని అనుమానించాలి. దానికి నట్టల మందు పనిచేయదు.

మీ దగ్గరున్న సీసా మీద ముందు రెండు విషయాలు చూడండి. ఆల్బెండజోల్ ఒక్కటే ఉందా, ఎంత శాతం ఉంది? మేకల మందుల్లో కొన్నింటిలో కార్జపు జలగల మందు కూడా కలిసి ఉంటుంది. అలాంటిది కోళ్లకు వద్దు. 2.5 శాతం ఆల్బెండజోల్ మాత్రమే అయితే మిల్లీలీటరుకు 25 మి.గ్రా. మందు ఉంటుంది. కిలో బరువుకు 20 మి.గ్రా. లెక్కన 600 గ్రాముల పిల్లకు అర మిల్లీలీటరు, కిలోన్నర పెట్టకు 1.2 మి.లీ. సరిపోతుంది. బరువు కళ్లతో అంచనా వేయకండి, సంచిలో పెట్టి తూచండి. లెక్క ఒకసారి మీ పశువైద్యుడికి చూపించండి.

రాత్రి మేత తీసేసి తెల్లవారుజామున పోయండి. సీసా బాగా కుదిపి, సూది తీసేసిన సిరంజితో నోటి పక్కనుంచి చుక్క చుక్కగా వేయాలి. ఒక్కసారిగా చిమ్మితే మందు గాలి గొట్టంలోకి పోయి పిల్ల చనిపోతుంది. తాగే నీళ్లలో కలిపితే మందు అడుగున పేరుకుంటుంది, నీరసించిన పిల్లలకు అందనే అందదు. పెద్ద కోళ్లకూ అదే రోజు పోయండి. పైకి ఆరోగ్యంగా కనిపిస్తూ పురుగు గుడ్లు చల్లేవి అవే.

పేగు గోడలో దాగిన చిన్న పురుగులు మిగిలిపోవచ్చు కనుక మూడు వారాలకు రెండో విడత ఇవ్వాలి. ప్రతి విడత తర్వాత కనీసం వారం గుడ్లు, నాలుగు వారాలు మాంసం తినకండి.

మందు వేసిన మర్నాడు రెట్టతో పురుగులు పడతాయి. ఆ రెట్టంతా గీకి కాల్చేయండి. గూట్లో తడి ఊక తీసేసి నేలను ఎండనివ్వండి. తడి ఉంటే రెట్టలోని పురుగు గుడ్లు రెండు మూడు వారాల్లోనే వ్యాధి అంటించే దశకు వస్తాయి, మట్టిలో నెలల తరబడి బతుకుతాయి. సున్నం చల్లితే నేల ఆరుతుందే గానీ గుడ్లు చస్తాయని నమ్మలేం. ఎండే నయం. పిల్లలను పెద్దవాటితో కలపకుండా వేరుగా పెంచండి. విటమిన్ ఎ తగ్గితే ఈ పురుగులు మరింత పెరుగుతాయి కాబట్టి నూకలు, తవుడుతో పాటు మునగాకు, తోటకూర వేయండి. కొక్కెర తెగులు (రాణిఖెట్) టీకా వేయించాలనుకుంటే వారం పది రోజుల ముందే నట్టల మందు పూర్తిచేయండి.

రెండో విడత తర్వాత కూడా రెట్టలో బియ్యపు గింజల్లాంటి తునకలు కనిపిస్తే అవి బద్దె పురుగుల కణుపులు. వీటిని మోసుకొచ్చేవి చీమలు, పేడ పురుగులు. అప్పుడు కిలోకు 10 మి.గ్రా. చొప్పున ప్రాజిక్వాంటెల్ కావాలి. తాజా రెట్టను చిన్న సీసాలో పట్టి దగ్గరి పశువైద్యశాలలో పరీక్ష చేయించి, ఆ మందు రాయించుకోండి.