‘ఈ థాయ్‌వాళ్ళు ఇంతే’ అనే మాట గురించి మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీర్వదించి రాయునది.

నీ వీసా కాగితాలు వచ్చాయని, వచ్చే నెలలో థాయ్‌లాండ్‌లో పతుమ్ థానిలోని మిల్లులో చేరబోతున్నావని తెలిసి నేనూ మీ అత్తయ్యా ఎంతో సంతోషించాము. అయితే పోయిన ఆదివారం ఫోనులో నువ్వన్న మాట ఒకటి అప్పటినుంచీ నా మనసులో మెదులుతూనే ఉంది. అక్కడ పదిహేనేళ్ళుగా ఉంటున్న మనవాడెవరో నీతో, థాయ్‌వాళ్ళు పైకి నవ్వుతారు గానీ లోపల వేరని, అన్నిటికీ సరేనంటారు గానీ ఏదీ చెయ్యరని, సోమరులని, తెలివి లేదని, డబ్బు కనబడితే తప్ప కదలరని చెప్పాడన్నావు. ఆ మాటలు నాకు కొత్త కావు. 1996లో నేను ఆ దేశంలో దిగిన మొదటి వారంలోనే నాకూ ఇవే చెప్పారు. చెప్పినవారిలో మనవాళ్ళున్నారు, ఇంగ్లీషువాళ్ళున్నారు, ఆస్ట్రేలియావాళ్ళున్నారు. అందరూ ఒకే మాట అంటున్నారు కాబట్టి నిజమే అయి ఉంటుందని నేను నమ్మాను, నమ్మి ఒక మంచి మనిషిని పదిమందిలో అవమానించాను. నువ్వు ఆ తప్పు చేయకూడదని ఇంత వివరంగా రాస్తున్నాను.

నేను చేరిన రెండో ఏడు ఒక శుక్రవారం సాయంత్రం, ఆగిపోయిన రింగ్ ఫ్రేము (నూలు వడికే యంత్రం) పక్కన నిలబడి, అది సోమవారం పొద్దుటికి నడుస్తుందా అని మా ఫిట్టరును అడిగాను. ఆయన “ఖ్రప్” అన్నారు. సోమవారం వెళ్ళి చూస్తే ఫ్రేము ఎక్కడిదక్కడే ఉంది. షిఫ్టు మారే వేళ, ఇరవై మంది చూస్తుండగా నేను గొంతు పెంచి అరిచాను. ఆయన చేతిలోని నూనె గుడ్డను మడత పెడుతూ, విప్పుతూ, తల కొంచెం వంచి చిరునవ్వు నవ్వారు. ఆ నవ్వు చూసి నాకు ఒళ్ళు మండింది. చేసిన పనికి సిగ్గు లేకపోగా నవ్వుతున్నాడనుకుని మరో నాలుగు మాటలన్నాను. ఆ మర్నాడు ఆయన పనిలోకి రాలేదు.

విషయం నాకు చెప్పినది నూలు చుట్టే వైండింగు విభాగంలో సూపర్వైజరుగా ఉన్న పెద్దావిడ. మిల్లులో అందరూ ఆమెను ‘పా’ అనేవారు, అంటే మన పెద్దమ్మ వంటి పిలుపు. క్యాంటీనులో నా ఎదుట కూర్చుని, నాకొచ్చిన కొద్దిపాటి థాయ్‌కి తగినట్టుగా చిన్న చిన్న మాటలలో ఆమె వివరించింది. ‘ఖ్రప్’ అంటే ‘అలాగే చేస్తాను’ అని కాదట, ‘మీరు చెప్పేది వింటున్నానండి’ అని మాత్రమేనట. ఆడవాళ్ళయితే దాని బదులు ‘ఖ’ అంటారు. అది మనం వాక్యం చివర చేర్చే ‘అండి’ వంటిది, ఫోనులో అవతలివారు మాట్లాడుతుంటే మనం అనే ‘ఆఁ… ఆఁ…’ వంటిది. బేరింగు ఇంకా రాలేదని, స్టోరువాళ్ళకు కొంచెం వీలు కుదిరేలా లేదని ఆయన ఆ శుక్రవారమే రెండుసార్లు నాతో అన్నారు. నేను దానిని మామూలు కబురుగా విన్నాను, ఆయన దానిని ‘కుదరదు’ అని చెప్పారు. పెళ్ళి సంబంధం నచ్చనప్పుడు మన ఇళ్ళలో “చూద్దాం లెండి, ఇంట్లో మాట్లాడి కబురు చేస్తాం” అంటే మనవాళ్ళెవరైనా మర్నాడు ముహూర్తం పెట్టించుకుంటారా? మన భాషలో ఇట్టే అందే ఈ అర్థం వాళ్ళ భాషలో అందకపోతే, ఆ లోపాన్ని మన చెవిలో వెతకకుండా వాళ్ళ గుణంలో వెతుకుతున్నాము.

ఆ నవ్వు సంగతి కూడా ఆమే చెప్పింది. ఎదుటివాడు కోపంతో ఊగిపోతున్నప్పుడు తనూ ముఖం మాడ్చుకుంటే మంట పెరుగుతుందని, చల్లార్చడానికి నవ్వుతారట. కోపిష్టిని ‘చై రోన్’ అంటారు, అంటే వేడి మనసు. నిదానస్తుణ్ణి ‘చై యెన్’ అంటారు, అంటే చల్లని మనసు. ఆ రోజు ఫ్రేము దగ్గర చల్లని మనసుతో నిలబడినది ఆయన ఒక్కరే. నేను ఆయన ఇంటికి వెళ్ళి, ఎవరూ లేనప్పుడు క్షమించమని అడిగాను. ఆయన “మై పెన్ రై” అన్నారు.

ఈ ‘మై పెన్ రై’ మీద కూడా విదేశీయులు చాలా చెబుతారు. వాళ్ళకు దేనిమీదా పట్టింపు లేదని, ఏది చెడిపోయినా ‘మై పెన్ రై’ అని చేతులు దులుపుకుంటారని అంటారు. అది అచ్చంగా మన ‘ఫర్వాలేదు’. బస్సులో ఎవరో కాలు తొక్కి అయ్యో అంటే మనం “ఫర్వాలేదండి” అంటాము, అంత మాత్రాన మన కాలి మీద మనకు పట్టింపు లేనట్టా? తప్పు చేసినవాడికి ఊరట కలిగించడానికి అనే మాట అది. అలాగే ‘క్రేంగ్ చై’ అనే మాటకు ఇంగ్లీషులో సమానార్థకం లేదని అక్కడి తెల్లవాళ్ళు పేజీలకు పేజీలు వివరణలు రాస్తారు. నీకు ఆ కష్టం లేదు, మన ‘మొహమాటం’ దాదాపు అదే. ఎదుటివారికి ఇబ్బంది కలిగించకూడదని తన అవసరాన్ని, తన అసమ్మతిని లోపలే దాచుకోవడం. పై అధికారి తప్పు చెబుతున్నాడని తెలిసినా నలుగురిలో దిద్దకపోవడం కూడా అందులోదే. దీనిని మోసమనీ, పిరికితనమనీ అనేవారి మాట వినకు. నువ్వు చేయవలసిందల్లా, అవును కాదు అని జవాబు వచ్చే ప్రశ్న అడగకపోవడం. “సోమవారానికి అవుతుందా?” అనకుండా, “ఇది అవడానికి ఇంకా ఏమేమి కావాలి, ఏది రాలేదు?” అని పక్కకు పిలిచి నెమ్మదిగా అడుగు. నేను ఆ పద్ధతికి మారిన తరువాత ఆ మిల్లులో నాకు అబద్ధం చెప్పినవారు లేరు.

సోమరితనం మాటకు వస్తే, ఆ మాట అనేవారు తాము ఏ వేళకు నిద్ర లేస్తారో చెప్పరు. మధ్యాహ్నం రెండు గంటలకు సందు మొగలో నారింజ రంగు కోటు వేసుకుని మోటారుసైకిలు మీద వెల్లకిలా పడుకున్న బైకు ట్యాక్సీ కుర్రవాడు వాళ్ళ కంట పడతాడు. ఆ కుర్రవాడు తెల్లవారుజామున అయిదింటికే బండి తీశాడని, రాత్రి తొమ్మిది దాకా ఉంటాడని వాళ్ళకు తెలియదు. మా మిల్లు గేటు దగ్గర ఒకావిడ నాలుగింటికల్లా బొగ్గుల పొయ్యి రాజేసి, పుల్లలకు గుచ్చిన పంది మాంసం కాలుస్తూ, జిగురన్నం చిన్న చిన్న సంచులలో కట్టి, రాత్రి షిఫ్టు దిగేవారికి, పగటి షిఫ్టు ఎక్కేవారికి అమ్మేది. పందొమ్మిదేళ్ళలో ఆమె పొయ్యి వెలగని పని దినాలు నాకు వేళ్ళ మీద లెక్కపెట్టేటన్ని. 1997 జులై 2న వాళ్ళ కరెన్సీ అయిన బాత్ విలువ పడిపోయి దేశమంతా అతలాకుతలమైనప్పుడు, ఆస్తులు పోగొట్టుకున్న సిరివత్ అనే షేర్ల వ్యాపారి మెడకు పెట్టె తగిలించుకుని బ్యాంకాక్ వీధులలో శాండ్‌విచ్‌లు అమ్మారు. ఆ దేశంలో అందరికీ తెలిసిన కథ అది.

తెలివి లేదనే మాట ఎక్కువగా ఇంగ్లీషు రాకపోవడం చూసి అనే మాట. ఈ విషయంలో మనవాళ్ళే ఎక్కువ తప్పు చేస్తారు, ఎందుకంటే ఇంగ్లీషు వస్తేనే చదువుకున్నవాడని లెక్కవేయడం మనకు చిన్ననాటి నుంచీ అలవాటు. ఆ దేశాన్ని ఏ ఐరోపా రాజ్యమూ ఏలలేదు. బడిలోని ఒకటో తరగతి నుంచి, 1917లో స్థాపించిన చులాలోంగ్‌కోర్న్ విశ్వవిద్యాలయంలోని ఇంజనీరింగు దాకా చదువు ప్రధానంగా థాయ్‌లోనే సాగుతుంది. నీ కింద పనిచేయబోయే ఇంజనీరు తన సొంత భాషలో ఎంత లోతుగా ఆలోచిస్తాడో, అతని విరిగిన ఇంగ్లీషు విని నువ్వు ఎలా తేల్చగలవు? నువ్వే థాయ్ నేర్చుకో. లిపి మన లిపికి దూరపు బంధువే, రెండూ పల్లవుల నాటి దక్షిణాది రాతల ఛాయలున్నవే. మాటలు వింటే ఇంకా దగ్గరితనం కనిపిస్తుంది. నువ్వు వెళ్ళే పతుమ్ థాని మన ‘పద్మం’, ‘రాజధాని’లోని ‘ధాని’ కలిసిన పేరు. ‘ఖ్రూ’ అంటే గురువు, ‘పాసా’ అంటే భాష, ‘ఆహాన్’ అంటే ఆహారం, టీవీని ‘తోరతత్’ అంటారు, అది మన దూరదర్శనంలోని రెండు ముక్కలే. అయిదు స్వరాలు పట్టుబడటానికి మాత్రం ఏడాది పడుతుంది, తొందరపడకు.

డబ్బు విషయం కొంచెం జాగ్రత్తగా చెప్పాలి. బ్యాంకాక్‌లో రాజప్రాసాదం దగ్గర, ఈ రోజు లోపల మూసేశారని అబద్ధం చెప్పి, టుక్‌టుక్ ఆటోలో ఎక్కించి రత్నాల దుకాణానికి తీసుకుపోయే మోసగాళ్ళు నిజంగానే ఉన్నారు. 1155 అనే టూరిస్టు పోలీసుల నంబరు నీ ఫోనులో పెట్టుకో. ఖావో యాయ్ జాతీయవనానికి వెళితే విదేశీయుడికి 400 బాత్‌లు, థాయ్ పౌరుడికి 40. ఆ నలభైని బోర్డు మీద థాయ్ అంకెలలో రాస్తారు. నాకూ అది నచ్చదు. కానీ అది సర్కారు పెట్టిన ధర, మన చార్మినార్ దగ్గర విదేశీయులకు వేరే టిక్కెట్టు ఉన్నట్టే, దానికీ మనుషుల స్వభావానికీ సంబంధం లేదు. స్వభావం చూడాలంటే 2018లో చియాంగ్ రాయ్‌లోని థామ్ లువాంగ్ గుహ దగ్గర చూడవలసింది. లోపల చిక్కుకున్న పన్నెండు మంది పిల్లలను, వారి శిక్షకుణ్ణి కాపాడటానికి గుహలోంచి తోడిన నీళ్ళన్నీ చుట్టుపక్కల వరి పొలాలలోకి వదిలారు. నాట్లు మునిగిపోయిన రైతులలో చాలామంది, పిల్లలు బయటపడితే చాలునని, ప్రభుత్వం ఇస్తానన్న నష్టపరిహారం వద్దన్నారు.

ఇప్పుడు చెప్పబోయేది నాకు అన్నిటికంటే ముఖ్యమైనది. నువ్వు బ్యాంకాక్ వెళుతున్నానని చెప్పగానే నీ స్నేహితులు ఒక రకంగా నవ్వి ఉంటారు. ఆ నవ్వు మన ఊళ్ళలో ఎంత మామూలైపోయిందంటే, అందులో తప్పుందనే ఊహే ఎవరికీ రావడం లేదు. ఆ నవ్వుకు కారణమైన వీధులు బ్యాంకాక్‌లో కొన్ని, పట్టాయాలో కొన్ని. వియత్నాం యుద్ధకాలంలో అమెరికా సైనికులు సెలవుల మీద వచ్చి వెళ్ళడంతో అవి పెరిగాయి, ఆ తరువాత యాత్రికుల డబ్బుతో నిలిచాయి. బయటివాళ్ళు డబ్బిచ్చి పెంచిన వీధులను చూపించి, అదే బయటివాళ్ళు మూడు కోట్లకు పైగా ఉన్న ఆ దేశపు ఆడవాళ్ళందరికీ ఒకే పేరు పెట్టడం కంటే అన్యాయం ఏముంటుంది?

మా మిల్లులో యంత్రాల మీద ఉన్నవారిలో ఎక్కువమంది ఆ దేశపు ఈశాన్యంలోని ఈసాన్ ప్రాంతం నుంచి వచ్చిన ఆడవాళ్ళు. వానల మీదే ఆధారపడిన పొలాలు, పల్లెలో అమ్మమ్మ దగ్గర పెరుగుతున్న బిడ్డ, నెల మొదటి తారీఖున బ్యాంకు దగ్గర వరుస. మా అకౌంట్సు విభాగానికి పెద్ద కూడా ఆడమనిషే. ఒకసారి మన దేశం నుంచి వచ్చిన ఒక పెద్ద అధికారి, ఆమె ఎదురుగానే, ఆమెకు అర్థం కాదనుకుని, రాత్రి ఎక్కడికి వెళ్ళాలో ఈవిడనే అడగాలి అని ఇంగ్లీషులో అని నవ్వాడు. ఆమెకు ప్రతి మాటా అర్థమైంది. కలం మూత పెట్టి, ఫైలు అంచులు సరిచేసి, తరువాతి పేజీ తిప్పి లెక్కలు చదవడం కొనసాగించింది. నేను ఆ గదిలోనే ఉన్నాను, నోరు మెదపలేదు. ఆ మౌనం ఇప్పటికీ నన్ను బాధిస్తుంది. నీకు అటువంటి సందర్భం వస్తే, అన్నవాడు ఎంత పెద్దవాడైనా, ఆ మాట తప్పని అక్కడికక్కడే చెప్పు. ఆ రకం వీడియోలు, హాస్యాలు నీ వాట్సాప్ గ్రూపులలోకి వచ్చినప్పుడు కూడా ఊరుకోకు.

మనల్ని వాళ్ళు ‘ఖేక్’ అంటారు. ఆ మాటకు అసలు అర్థం అతిథి, కానీ అన్ని నోళ్ళలోనూ అది మర్యాదగా రాదు. పామూ ఖేకూ ఒకేసారి ఎదురైతే ముందు ఖేక్‌నే కొట్టమనే సామెత కూడా ఉంది. మొదటిసారి అది విన్న రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నన్ను బొత్తిగా ఎరగని మనిషి నన్ను ఇలా తేల్చేశాడే అని ఎంత నొచ్చుకున్నానో, మనవాళ్ళు వారాంతపు విందులలో “ఈ థాయ్‌వాళ్ళు…” అని మొదలుపెట్టినప్పుడల్లా ఆ నొప్పి గుర్తుచేసుకునేవాణ్ణి. ఆ విందులకు వెళ్ళవద్దని నేను చెప్పను, పరాయి దేశంలో మన భాష, మన వంట కావాలి. అక్కడ ఆ మాట మొదలైనప్పుడు మాత్రం, ఎవరు చేశారు, ఎప్పుడు చేశారు, నువ్వు ఏ భాషలో అడిగావు అని నెమ్మదిగా ఆరా తీయి. చాలాసార్లు జాతి మొత్తం మీద వేసిన నింద, ఒక ఇంటి ఓనరు దగ్గరికో ఒక ట్యాక్సీ డ్రైవరు దగ్గరికో వచ్చి ఆగుతుంది. అలా నిందించేవారిలో పదేళ్ళు దాటినా తమ వాచ్‌మన్ ఊరేదో తెలియనివారిని నేను చాలామందిని చూశాను. జీతం తీసుకునేవారిని, సరుకు అమ్మేవారిని తప్ప మరో థాయ్ మనిషిని వాళ్ళు ఎరగరు.

2011 అక్టోబరులో వరద వచ్చి మా పక్కనే ఉన్న నవ నకోర్న్ పారిశ్రామికవాడ మునిగిపోయింది. మిల్లు చుట్టూ మూడు రోజులు ఇసుక బస్తాలు పేర్చినవారిలో సగం మంది సొంత ఇళ్ళు అప్పటికే నీళ్ళలో ఉన్నాయి. నాలుగో రోజు తెల్లవారుజామున, నడుము లోతు నీళ్ళలో ఒక రబ్బరు ట్యూబు మీద తాగునీటి సీసాలు పెట్టి తోసుకుంటూ మా ఇంటికి వచ్చినది, పద్నాలుగేళ్ళ కిందట నేను అరిచిన ఆ ఫిట్టరే. మీ అత్తయ్యకు ఒంట్లో బాగాలేదని ఎవరో చెబితే విన్నారట.

ఆయన ఇప్పుడు రిటైరై కోరాత్‌లో ఉంటున్నారు. నీ సంగతి చెబితే సువర్ణభూమి విమానాశ్రయానికి వస్తానన్నారు. విమానం తెల్లవారుజామున దిగుతుంది, అంత దూరం నుంచి శ్రమ పడవద్దని నేనంటే “మై పెన్ రై ఖ్రప్” అన్నారు. కాబట్టి తప్పకుండా వస్తారు. వయసులో నీకంటే చాలా పెద్ద, ‘లుంగ్’ అని పిలువు, అంటే పెదనాన్న. ముందు నువ్వే చేతులు జోడించు. మీ అత్తయ్య ఆత్రేయపురం పూతరేకులు కట్టించి పంపుతోంది, రెండు చేతులతో ఇవ్వు.

ఇట్లు,
మీ మామయ్య